పాత గిటారు, పట్టేసిన చెయ్యి: ఒక రిపేరు డైరీ

మే, రెండో వారం

ప్రాజెక్టు ఇది: అటక మీంచి దించిన జంబో గిటారు మళ్లీ వాయించే స్థితికి రావాలి, దాంతోపాటు నా ఎడమ చెయ్యి కూడా. గిటారు ఎనభైల్లో కొన్నది, కలకత్తాలో తయారైంది. చెయ్యి అంతకంటే పాతది. కాలేజీలోనూ, ఆ తర్వాత వైజాగ్‌లో ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లోనూ వినాయక చవితి పందిళ్లలో, దోస్తుల పెళ్లిళ్లలో వాయించేవాణ్ణి. షిఫ్టులు, పిల్లల చదువులు మొదలయ్యాక గిటారు కేసులోకి, కేసు అటక మీదికి వెళ్లాయి. ఇప్పుడు రిటైరయ్యాను. టైము బోలెడుంది, చెయ్యే సహకరించట్లేదు.

ఏ నొప్పి ఎక్కడుందో ముందు రాసి పెట్టుకుంటున్నా. వేళ్ల కొసలు మండుతున్నాయి. అది పాత పరిచయమే, చర్మం గట్టిపడితే మూడు నాలుగు వారాల్లో పోతుంది. రెండోది బొటనవేలి మొదట్లో, మణికట్టుకి కాస్త పైన. లోపలెక్కడో సలుపు. గిటారు పక్కన పెట్టాక కూడా వదలదు, తడి తువ్వాలు పిండినా సీసా మూత తిప్పినా మళ్లీ పలకరిస్తుంది. మూడోది ఉంగరపు వేలు. పొద్దున లేచి గుప్పెట మూస్తే ఆ వేలు మడతలోనే ఉండిపోతుంది. రెండో చేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంటుంది.

మా బావగారు "ఓ నెల పంటి బిగువున వాయించవోయ్, అదే అలవాటవుతుంది" అన్నారు. కొసల మంట వరకూ ఆ మాట నిజమే. కీళ్ల విషయంలో నేనొప్పుకోను. జీవితమంతా మెయింటెనెన్స్‌లో పనిచేసినవాణ్ణి, బేరింగ్ అరుస్తుంటే అలవాటవుతుందని మిషన్ నడపలేదు. లోడ్ ఎంత పడుతోందో చూసి, ముందు అది తగ్గించేవాళ్లం. ఇక్కడా అదే పద్ధతి.

అదే వారం, కొలతలు

టాపెట్లు సెట్ చేసే ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకులు), స్టీలు స్కేలు, మొబైల్ టార్చి. ఈ మూడూ చాలు.

ఫ్రెట్ అంటే మెడకి అడ్డంగా ఉండే లోహపు పట్టీ. పన్నెండో ఫ్రెట్ మీద ఆరో తీగ, అంటే అన్నిటికంటే లావుది, ఎత్తు 4.1 మిల్లీమీటర్లు. ఒకటో తీగ, అన్నిటికంటే సన్నది, 3.4. హాయిగా వాయించాలంటే ఇవి 2.4, 1.8 దరిదాపుల్లో ఉండాలి. మొదటి ఫ్రెట్ మీద ఆరో తీగ ఎత్తు 1.1, అది అర మిల్లీమీటరు దగ్గరుంటే సరిపోతుంది. మెడ కూడా ముందుకు వంగింది: మొదటి ఫ్రెట్ దగ్గర కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) బిగించి, మెడ డొక్కలో కలిసే చోట తీగని నొక్కి పట్టుకుంటే, ఏడో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు సందు. పావు ఉంటే చాలు.

వీటికి తోడు తీగలు 12-53 సైజువి (సన్న తీగ, లావు తీగ మందాలు, అంగుళంలో వెయ్యో వంతుల్లో), వాటిని పూర్తి శ్రుతిలో బిగిస్తే ఆరూ కలిసి మెడని 70 కిలోల పైచిలుకు బలంతో లాగుతాయి. ఇరవై ఏళ్లప్పుడు ఇదే గిటారు మీద ఎఫ్ కార్డు పట్టేవాణ్ణి (కార్డంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగించే పట్టు). అప్పుడు వేళ్లలో బలం ఉండేది కాబట్టి గిటారులో లోపం కనపడలేదు.

చెయ్యి నొప్పి ఉన్నవాళ్లెవరైనా డబ్బు ఖర్చు పెట్టేముందు చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. మొదటి ఫ్రెట్‌లో కేపో పెట్టి అవే కార్డులు వాయించి చూడాలి. ఉన్నట్టుండి తేలికైపోతే తప్పు వేళ్లది కాదు, నట్‌ది, అంటే మెడ తల దగ్గర తీగలు ఆనే గాడుల పట్టీది. నట్‌లో గాడులు పైకుంటే మొదటి రెండు ఫ్రెట్లలో తీగ కిందికి దిగడానికి చాలా బలం కావాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లంతా మొదట పట్టే కార్డులు ఉండేదేమో అక్కడే. ఎఫ్ కార్డు దగ్గర గిటారు వదిలేసినవాళ్లలో సగం మందికి సమస్య నట్‌దేనని నా అనుమానం.

మే చివర

చేతుల డాక్టరుగారి దగ్గరికి వెళ్లొచ్చాను. ఎక్స్‌రే తీయించే ముందు ఆయన అడిగిన ప్రశ్నలు నాకు నచ్చాయి. పొద్దున లేచాక వేళ్లు ఎంతసేపు బిగుసుకుని ఉంటాయి? అరగంట లోపు సర్దుకుంటే అరుగుదల కావచ్చు. గంట దాటుతుంటే, రెండు చేతులకీ వాపు ఉంటే రుమటాయిడ్ (కీళ్లవాతం) పరీక్షలు చేయించాలి. తిమ్మిరి ఏ వేళ్లకి? బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు అయితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటున్నట్టు. చిటికెన వేలు, దాని పక్కవేలు సగం అయితే మోచేతి దగ్గర చూడాలి. రాత్రి తిమ్మిరితో మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకుంటున్నారా? షుగర్ ఉందా? 2006లో చికున్‌గున్యా వచ్చిందా? ఆ ఏడు మా వీధిలో రానివాళ్లే తక్కువ. వేళ్ల కీళ్లు నెలల తరబడి పట్టేసినవాళ్లని నేనే చాలామందిని చూశాను. నాకూ వచ్చింది, కానీ ఆ నొప్పులు అప్పుడే తగ్గిపోయాయి.

తేలింది రెండు. బొటనవేలి మొదట్లో ఉన్న కీలు అరిగింది. ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య ఉండాల్సిన నల్లటి సందు సన్నగా గీతలా మిగిలింది. ఉంగరపు వేలుది ట్రిగ్గర్ ఫింగర్. వేలిని మడిచే టెండన్ అరచేతిలో ఒక ఇరుకు తొడుగు గుండా వెళుతుంది, టెండనో తొడుగో మందమైతే అక్కడ ఇరుక్కుంటుంది. షుగర్ ఉన్నవాళ్లకి ఇది ఎక్కువట. నాకు షుగర్ ఉంది.

"వాయించడం మానేయాలా సార్?" అని అడిగాను. "మానేయొద్దు, పిసకడం మానేయండి" అన్నారు. బొటనవేలి కొసా చూపుడు వేలి కొసా కలిపి కిలో బలంతో నొక్కితే, మొదట్లో ఉన్న ఆ కీలు మీద పది పన్నెండు కిలోల దాకా పడుతుందని చెప్పారు. బార్ కార్డు, అంటే ఎఫ్‌లో లాగా ఒకే వేలిని తీగలన్నిటి మీద అడ్డంగా నొక్కే పట్టు, అచ్చంగా అదే పని.

ట్రిగ్గర్ ఫింగర్‌కి రాత్రి పూట వేలు మడవకుండా చిన్న స్ప్లింట్. తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్. షుగర్ ఉన్నవాళ్లకి ఆ ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి. బొటనవేలికి మెత్తటి సపోర్టు, అది వాయించేటప్పుడు కాదు, మిగతా పనుల్లో. నొప్పి జెల్ రాసుకోవచ్చు. నొప్పి మాత్ర వేసుకుని వాయించడం మాత్రం వద్దన్నారు. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆపాలో తెలియదు.

జూన్ మొదట్లో: మెడ, నట్, సాడిల్

ఈ పనికి వరస ముఖ్యం. ముందు మెడ, తర్వాత నట్, చివర సాడిల్ (డొక్క మీద తీగలు కట్టే బ్రిడ్జిలో అవి ఆనే పట్టీ). ఒకదాన్ని కదిపితే తర్వాతి కొలతలు మారిపోతాయి కాబట్టి వెనక నుంచి మొదలెడితే చేసిన పనే మళ్లీ చేయాలి.

మెడలో ట్రస్ రాడ్ (మెడ వంపుని సరిచేసే ఇనప కడ్డీ) ఉంది, తల మీద ప్లాస్టిక్ మూత కింద. ఇన్నేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి ముందు తీగలు వదులు చేసి, చుక్క నూనె వేసి, ఒక రాత్రి వదిలేశాను. పొద్దున ఆలెన్ కీతో కుడివైపుకి పావు తిప్పు. తీగలు మళ్లీ శ్రుతికి తెచ్చి, ఓ పూట ఆగి, కొలిచి, ఇంకో పావు తిప్పు. ఏడో ఫ్రెట్ దగ్గర సందు 0.2కి దిగింది. ఇక్కడ తొందరపడితే రాడ్ తెగుతుంది, అప్పుడు గిటారు గోడకి అలంకారం. బిగుసుకుపోయి తిరగకపోతే బలవంతం చేయకుండా తెలిసినవాడికి ఇవ్వాలి.

నట్ పని అసలైనది. నట్ గాడులకి ప్రత్యేకమైన ఆకురాళ్లు దొరుకుతాయి, కానీ ఖరీదెక్కువ. నా టూల్ బాక్సులో గ్యాస్ కటింగ్ టార్చికి వాడే నాజిల్ క్లీనర్ ఉంది. సన్నటి గరుకు తీగలు, ఒక్కోటి ఒక్కో మందం, విసనకర్ర మడతలా ఒకే హోల్డర్‌లో ఉంటాయి. గిటారు తీగ కంటే ఒక్క పిసరు లావుగా ఉన్నది ఎంచుకుని, తల వైపు కిందికి వాలేలా పట్టుకుని, నాలుగు రాపిళ్లు. తీగని గాడిలో పెట్టి, శ్రుతి చేసి, రెండో మూడో ఫ్రెట్ల మధ్య నొక్కి మొదటి ఫ్రెట్ మీద సందు చూడాలి. తీగ ఫ్రెట్‌ని తాకీ తాకనట్టుండాలి. మందపాటి కాగితం దూరేంత మిగిలితే ఆగిపోవాలి. ఇంకో రాపిడి పడితే ఖాళీ తీగ ఫ్రెట్‌ని కొట్టుకుని జీరగా మోగుతుంది.

ఆరు తీగలకీ మధ్యాహ్నమంతా పట్టింది. మా ఆవిడ రెండు సార్లు కాఫీ తెచ్చి, "ఆ రాపిడి శబ్దానికి నాకు పళ్లు జివ్వుమంటున్నాయండీ, వరండాలోకి వెళ్లండి" అంది. చివర్లో గాడుల్లో మెత్తటి పెన్సిల్ ముల్లు రుద్దాను, శ్రుతి చేసేటప్పుడు తీగ పట్టుకోకుండా జారుతుంది.

మొదటి ఫ్రెట్ మీద ఆరో తీగ ఇప్పుడు 0.5. సాడిల్ ముట్టుకోకముందే, ఒక్క నట్‌తోనే, E మైనర్ కార్డు పడుతుంటే చెయ్యి వేరే మనిషిదేమో అనిపించింది.

సాడిల్ లెక్క సులువు: పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎంత తగ్గాలో, సాడిల్ అడుగున దానికి రెట్టింపు తియ్యాలి. మెడ, నట్ సరిచేశాక ఆరో తీగ 3.65కి వచ్చింది. 2.5 కావాలి కాబట్టి 2.3 మిల్లీమీటర్లు తియ్యాలి. పెన్సిలుతో గీత గీసి, అద్దం ముక్క మీద ఎమెరీ కాగితం పరిచి, సాడిల్‌ని నిటారుగా పట్టుకుని రుద్దడమే. కాస్త పక్కకి ఒరిగినా అడుగు గుండ్రంగా అయిపోయి బ్రిడ్జి మీద సరిగ్గా కూర్చోదు, శబ్దం చచ్చిపోతుంది. పాత సాడిల్‌ని అరగదీయలేదు. ఎముకతో చేసిన కొత్తది కొని దాన్ని అరగదీశాను, పాతది డబ్బాలో దాచాను.

చివరి కొలతలు: ఆరో తీగ 2.5, ఒకటో తీగ 1.9.

ఇంత పని ఇంట్లో చేసుకోనక్కర్లేదు. గిటారు షాపులో సెటప్ అని అడిగితే చేసిపెడతారు. కాకపోతే "కొంచెం సరిచేయండి" అంటే తుడిచి తీగలు మార్చి ఇస్తారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఇంత, మొదటి ఫ్రెట్ దగ్గర ఇంత అని కాగితం మీద రాసివ్వాలి.

జూన్, మూడో వారం

తీగలు మార్చాను. 10-47 సైజు. మొత్తం లాగుడు 60 కిలోల దగ్గరికి వచ్చింది. దాని మీద శ్రుతి ఒక అర మెట్టు దించాను. తీగ బిగువు శ్రుతి వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి ఉంటుంది కాబట్టి అర మెట్టు దించితే పదకొండు శాతం, పూర్తి మెట్టు దించితే ఇరవై శాతం పైన బిగువు తగ్గుతుంది. ఎవరితోనైనా కలిసి పాడాలంటే మొదటి ఫ్రెట్‌లో కేపో పెడితే మామూలు శ్రుతి వచ్చేస్తుంది.

గొంతు ముదిరింది, నాకు పాడడానికి కూడా కింద శ్రుతే హాయి. ఈ లాభం లెక్కలోకి తీసుకోలేదు, ఉచితంగా వచ్చింది.

ఈ దారి కొత్తదేం కాదు. ఇంగ్లండులో టోనీ అయోమీ అనే రాక్ గిటారిస్టుకి పదిహేడేళ్లప్పుడు, 1965లో, రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి మధ్య వేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. ఆయన ఎడమచేతి వాటం, కాబట్టి తీగలు నొక్కే చెయ్యే పోయింది. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు. సన్న తీగలు దొరకని కాలం కాబట్టి బ్యాంజో తీగలు వేశాడు. తర్వాత శ్రుతి మూడు అర మెట్లు దించాడు. ఆ బరువైన ధ్వని లక్షల మందికి నచ్చింది. డీలా పడి ఉన్నప్పుడు ఆయనకి ఫ్యాక్టరీ మేనేజరు తెచ్చి వినిపించిన రికార్డు జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్‌ది. 1928లో బండికి నిప్పంటుకుని జాంగో ఎడమచేతి రెండు వేళ్లు బిగుసుకుపోయాయి. మిగిలిన రెండు వేళ్లతోనే ఆ వేగంతో సోలోలు వాయించాడు. మా బావగారికి ఇదంతా చెబితే, "వాళ్లు జీనియస్సులోయ్" అన్నారు. నాకు కనిపించేది జీనియస్ కాదు, తీగ సైజు మార్చుకున్న మనిషి.

జూలై

వానలు మొదలయ్యాయి. వాయిస్తుంటే బరువు తేడాగా అనిపించి కొలిస్తే ఆరో తీగ 2.8కి ఎక్కింది. వైజాగ్‌లో ఈ నెలల్లో ఇంట్లో తేమ ఎనభై శాతం దాకా ఉంటుంది, గిటారుకి యాభై దగ్గరుంటే మంచిది. చెక్క నీరు పీల్చి డొక్క పైకి ఉబ్బుతుంది, దానితో బ్రిడ్జి, సాడిల్, తీగలు అన్నీ పైకి లేస్తాయి. చెయ్యి నొప్పి వానాకాలంలో ఎక్కువవుతుందని అందరూ అంటారు కదా, గిటారు వాయించేవాళ్ల విషయంలో కనీసం కొంత భాగం ఈ 0.3 మిల్లీమీటర్లదే.

గిటారుని గోడకి తగిలించడం మానేసి కేసులో పెడుతున్నా. రెండు గుడ్డ సంచుల్లో సిలికా జెల్, నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే పెనం మీద వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. చిన్న తేమ మీటరు ఒకటి లోపల పెట్టాను. వాయించాక తీగలు నూలు గుడ్డతో తుడవకపోతే సముద్రగాలికి పదిహేను రోజుల్లో తుప్పు. తుప్పు తీగ మీద వేలు జారదు, జారకపోతే ఇంకా గట్టిగా పిసుకుతాం.

జూలై, ఇంకో రోజు

నైలాన్ తీగల గిటారు కొనుక్కోమని చాలామంది సలహా. షాపుకెళ్లి ఓ గంట కూర్చుని వాయించాను. వేళ్ల కొసలకి వెన్నలా ఉంది, తీగల మొత్తం లాగుడు 40 కిలోల లోపే. కానీ మెడ వెడల్పు 52 మిల్లీమీటర్లు, నాది 43. ఆ వెడల్పుకి వేళ్లు చాచాలంటే బొటనవేలు మెడ కింద బాగా లోపలికి వెళ్లి తెరుచుకోవాలి. అరిగిన కీలుకి అదే పడదు. కొసలు మండేవాళ్లకి నైలాన్ మంచిది, బొటనవేలు మొదట్లో నొప్పి ఉన్నవాళ్లు మెడ వెడల్పు చూసుకోవాలి. 48 మిల్లీమీటర్ల మెడతో నైలాన్ గిటార్లు కూడా వస్తున్నాయట.

ఇంకో మాట. నైలాన్ గిటారుకి స్టీలు తీగలు ఎప్పుడూ బిగించకూడదు, అంత లాగుడుకి బ్రిడ్జి ఊడొస్తుంది.

ఆగస్టు: బొటనవేలు

గిటారు వైపు పని అయిపోయింది, ఇక మిగిలింది నా పట్టు. ఫిజియోథెరపీ అమ్మాయి గిటారు తెమ్మంది. నేను వాయిస్తుంటే వీడియో తీసి చూపించింది. "అంకుల్, కార్డు మారినప్పుడల్లా మీ బొటనవేలు గోరు తెల్లబడుతోంది చూడండి." నిజమే. కార్డు పట్టినప్పుడే కాదు, ఏ తీగా నొక్కనప్పుడు కూడా బొటనవేలు మెడని గట్టిగా పట్టుకునే ఉంది.

తను ఇచ్చిన మొదటి అభ్యాసం: బొటనవేలు పూర్తిగా తీసేసి వాయించడం. కుడి మోచెయ్యి గిటారు డొక్క మీద ఆన్చి ఉంచితే గిటారు కదలదు. ఎడమ చెయ్యి బరువుని కిందికి వదిలేస్తే, వేళ్లు తీగలకి వేలాడి, ఆ బరువే తీగని ఫ్రెట్ మీదికి తెస్తుంది. మొదటి రోజు జీ కార్డు కూడా సరిగ్గా మోగలేదు. వారం గడిచేసరికి సగం కార్డులు బొటనవేలు లేకుండానే మోగుతున్నాయి. అప్పుడు బొటనవేలిని మళ్లీ మెడ వెనక పెట్టమంది, ఆన్చడానికి మాత్రమే.

రెండోది నాకింకా నచ్చింది. ఒక తీగ మీద వేలు ఊరికే ఆన్చి, కుడిచేత్తో మీటుతూ, ఎడమ వేలు బలం కొద్దికొద్దిగా పెంచాలి. ముందు టప్‌టప్‌మని మూగ శబ్దం, తర్వాత జీర, తర్వాత శుభ్రమైన స్వరం. స్వరం వచ్చిన క్షణం ఆగిపోవాలి. అంతకు మించి పెట్టే బలమంతా వృథా, అది స్వరంలోకి వెళ్లదు, కీలులోకే వెళుతుంది. వేలు ఫ్రెట్‌కి సరిగ్గా వెనకే ఉంటే ఆ క్షణం తొందరగా వస్తుంది, రెండు ఫ్రెట్ల మధ్యలో ఉంటే బలం ఎక్కువ కావాలి. దశాబ్దాల తర్వాత కూర్చుని ఒక్కో స్వరానికి కావలసిన బలం వెతుక్కుంటుంటే, నేను వయసులో ఉన్నప్పుడు రెట్టింపో మూడు రెట్లో నొక్కేవాణ్ణని తెలిసింది.

మణికట్టు వంపు కూడా చూసింది. సోఫాలో వాలిపోయి గిటారుని తొడ మీద పడేసుకుంటే మెడ కిందికి జారి, ఎడమ మణికట్టు లోపలికి మడత పడుతుంది. ఇప్పుడు వంటింటి పీట తెచ్చుకుని ఎడమ పాదం దాని మీద పెడుతున్నా, భుజానికి బెల్టు వేసుకుని మెడని పైకి ఎత్తి ఉంచుతున్నా. మణికట్టు తిన్నగా వచ్చింది. పీట మాయమైందని ఇంట్లో గొడవ, అది వేరే సంగతి.

ఆగస్టు చివర

సాధన పద్ధతి కుదిరింది. ముందు గోరువెచ్చటి నీళ్లలో చేతులు ఐదు నిమిషాలు. షుగర్ ఉన్నవాళ్లకి వేళ్లలో స్పర్శ తగ్గి ఉండొచ్చు, నీటి వేడి మోచేత్తో చూసుకోవాలి. కొసల మీద పుండు పడితే ఆ రోజుకి గిటారు బంద్. ఫోనులో టైమరు పెట్టి ఐదు నిమిషాలు వాయించడం, ఐదు నిమిషాలు ఆగడం. పూటకి మూడు విడతలు, రోజుకి రెండు పూటలు. గంట ఏకబిగిన వాయించినదాని కంటే పాట ఎక్కువ వస్తోంది.

పక్క వీధిలో బొబ్బిలి వీణ మీద పిల్లలకి నేర్పే టీచరుగారున్నారు. ఆవిడ ఎడమచేతి వేళ్లు చూపించారు. చూపుడు వేలు, మధ్య వేలు కొసల మీద తీగ ఆనే చోట గాడి పడి ఉంది, ముట్టుకుంటే గోరంత గట్టి. పక్కన చిన్న గిన్నెలో కొబ్బరినూనె, మధ్యమధ్యలో వేలు అద్దుకుంటారు. గమకం కోసం తీగని పక్కకి లాగాలి కాబట్టి వీణలో భారం ఇంకో రకం. "నొప్పి వచ్చాక ఆపితే లాభం ఏముందండీ, వచ్చేలా ఉందని తెలిసినప్పుడే ఆపాలి. మా గురువుగారు సాధన మధ్యలో లేచి పెరట్లో తిరిగొచ్చేవారు" అన్నారు. కొబ్బరినూనె గిటారుకి పనికిరాదు, తీగలకి జిడ్డు పడుతుంది.

సెప్టెంబరు

చవితి పందిట్లో మూడు పాటలు వాయించాను. నాలుగోది అడిగారు, మర్నాటికి వాయిదా వేశాను.

బార్ కార్డులు వదిలేశాను. పూర్తిగా. ఎఫ్ బదులు నాలుగు తీగల ఎఫ్ మేజర్ సెవెన్, చూపుడు వేలు ఒక్క తీగ మీదే. బీ మైనర్ బదులు సన్నటి మూడు తీగల మీద మూడు స్వరాలు. పాడేవాళ్లకి, వినేవాళ్లకి తేడా తెలియలేదు. మిగతా మూడు తీగలు ఎలాగూ తబలా, కీబోర్డు కింద వినపడవు. పాత ఫ్రెండు ఒకతను వచ్చి "ఏరా, బార్ పట్టడం మానేశావా?" అని నవ్వాడు. మానేశాను. కార్డులో ఆరు తీగలూ మోగాలని ఎవరు చెప్పారో నాకైతే గుర్తు లేదు.

ఈ నెలలోనే ఇంకో ప్రయోగం. స్లైడ్. గిటారుని ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి, తీగలు నొక్కకుండా వాటి మీద లోహపు కడ్డీ జార్చే పద్ధతి. హవాయి గిటారు అని మన వాళ్లకి ఎప్పటి నుంచో తెలిసినదే. హిందుస్తానీ విద్వాంసుడు విశ్వమోహన్ భట్ ఇదే దారిలో మోహన వీణ తయారు చేసుకుని, 1994లో గ్రామీ దాకా వెళ్లారు. ఇందులో ఎడమ వేళ్లు నొక్కాల్సిన పనే లేదు, కడ్డీ బరువే చాలు. నొక్కితే తీగ వెళ్లి ఫ్రెట్‌కి కొట్టుకుంటుంది.

దీనికి తీగలు ఎత్తుగా ఉండాలి. డబ్బాలో దాచిన పాత సాడిల్ బయటికొచ్చింది. నట్ దగ్గర తీగల కింద స్టీలు స్కేలు ముక్క దూర్చాను. కడ్డీకి బదులు నా సాకెట్ సెట్‌లోంచి పొడవాటి సాకెట్ ఒకటి. అమెరికాలో లోవెల్ జార్జ్ అనే స్లైడ్ గిటారిస్టు స్పార్క్ ప్లగ్ సాకెట్‌తోనే వాయించేవాడని తెలిశాక ధైర్యం వచ్చింది. తీగల్ని ఓపెన్ జీలో, అంటే లావు తీగ నుంచి డి, జి, డి, జి, బి, డి గా శ్రుతి చేస్తే ఏ చోట కడ్డీ పెట్టినా పూర్తి కార్డు మోగుతుంది. ఆరోజు అరగంట పైన వాయించినా బొటనవేలు పలకలేదు. రాగం ఇంకా నా చేతికి రాలేదు, స్వరం ఫ్రెట్ గీతకి ఒక పిసరు అటో ఇటో పోతోంది, మా ఆవిడ పిల్లి అంటోంది. అయినా ఇది ఉంచుకుంటా. చెయ్యి బాగోలేని రోజుకి ఇదే.

అక్టోబరు మొదట్లో

లెక్క చూసుకుంటే: కొసల మంట లేదు. బొటనవేలి సలుపు వాయించిన పూట కొంచెం ఉంటుంది, నిద్రలేచేసరికి పోతోంది. ఎక్స్‌రేలో సందు మళ్లీ పెరగదు, ఆ ఆశ డాక్టరుగారు మొదట్లోనే తీసేశారు. ఉంగరపు వేలు స్ప్లింట్‌తో సగం దారికి వచ్చింది, పొద్దున పూట ఇంకా టక్కుమంటోంది. షుగర్ మూడు నెలల సగటు పరీక్ష చేయించుకుని రమ్మన్నారు, అది అదుపులో ఉంటే ఇంజెక్షన్ ఇస్తారు. ఆ తర్వాత కొన్నాళ్లు సాధన ఉండదు, షుగర్ మాత్రం రోజూ కొలవాలి.

మా బావగారు ఇప్పుడు మాండొలిన్ కొనుక్కోమంటున్నారు. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ ఆ చిన్న వాయిద్యం మీద కచ్చేరీలే చేశాడు, నీకేమైంది అని. మాండొలిన్ మెడ చిన్నదే, వేళ్లు చాచక్కర్లేదు. కానీ మామూలు మాండొలిన్‌లో తీగలు జంటలు జంటలుగా ఉంటాయి, ఒక్కో వేలు రెండేసి తీగలు నొక్కాలి. శ్రీనివాస్ వాయించినది ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్. ఆ తేడా బావగారికి చెప్పి లాభం లేదు.

నా చూపు చిన్న ఎలక్ట్రిక్ గిటారు మీద పడింది. మామూలు గిటారులో తీగ పొడవు 25.5 అంగుళాలు, ఇందులో 24. అదే శ్రుతికి తీగ పొడవు తగ్గితే బిగువు కూడా తగ్గుతుంది, ఫ్రెట్లు దగ్గరగా వస్తాయి. తీగలు 9-42 సైజు. డొక్క పల్చగా ఉండడంతో కుడి భుజం పైకెత్తి కూర్చోనక్కర్లేదు. సన్నగా మీటినా ఆంప్ వినిపిస్తుంది. షాపు కుర్రాడు సెకండ్ హ్యాండ్‌లో ఒకటి వచ్చిందని ఫోన్ చేశాడు, దసరా తర్వాత చూడ్డానికి వెళ్తున్నా. ఫీలర్ గేజ్ జేబులో వేసుకుని.